మీ ముఖం కొలత, మీ పాపిడి

ఇవాళ జుట్టు గురించి మాట్లాడుకుందాం. జుట్టు ఊడకుండా ఏ నూనె రాయాలి, తెల్లబడకుండా ఏం తినాలి అన్నది కాదు. ఆ సంగతులు మీరు చాలాసార్లు విన్నారు. ఉన్న జుట్టునే ఎలా దువ్వుకుంటే మన ముఖానికి నప్పుతుంది? పాపిడి ఎక్కడ తీయాలి? కొప్పు ఎక్కడ పెట్టాలి? ఏ కుర్రాడికి ఎలాంటి కటింగ్ బాగుంటుంది? ఇదీ ఇవాళ్టి విషయం. దీనికి డబ్బు ఖర్చు లేదు. ఇంట్లో ఉన్న అద్దం, దువ్వెన, పిల్లల స్కేలు చాలు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. మధ్యమధ్యలో మళ్ళీ చెబుతాను. మిగతావన్నీ దీంట్లోంచే వస్తాయి కాబట్టి. ముఖం ఎక్కడ నిండుగా ఉందో, అక్కడ జుట్టును అణిచి ఉంచాలి. ముఖం ఎక్కడ సన్నగా ఉందో, ఎక్కడ పొట్టిగా ఉందో, అక్కడ జుట్టును నింపాలి. ఇంకోసారి వినండి. నిండుగా ఉన్నచోట అణచాలి. తక్కువైనచోట నింపాలి.

ఈ తెలివి మనకు కొత్తది కాదు. నరసరావుపేటలో చీరల కొట్టుకి వెళ్ళిన ఏ ఆడమనిషికైనా ఉంది. కాస్త పొట్టిగా ఉన్నావిడ జానెడు అంచున్న చీర తీసి చూసుకుంటుంటే, పక్కనున్న అక్కో వదినో వెంటనే అంటుంది. "అంత అంచు వద్దు, ఇంకా పొట్టిగా కనపడతావు." అడ్డ గీత వెడల్పు చూపిస్తుంది. నిలువు గీత పొడవు చూపిస్తుంది. చీర దగ్గర ఇంత ఆలోచిస్తాం. తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, చిన్నప్పుడు అమ్మ తీసిన పాపిడి దగ్గరే ఉండిపోతాం. ముఖం మారుతుంది, వయసు మారుతుంది, ఒళ్ళు మారుతుంది. పాపిడి మారదు.

సరే, ముఖం కొలత ఎలా తెలుస్తుంది? చెబుతాను, నెమ్మదిగా వినండి.

వెలుతురు మీ ముఖం మీద పడేలా అద్దం ముందు నిలబడండి. జుట్టంతా వెనక్కి దువ్వి కట్టేయండి. ముందు పొడవు చూడండి. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కొస దాకా. స్కేలు నిలువుగా పట్టుకోండి. తర్వాత వెడల్పు చూడండి. కళ్ళ కింద, చెంప ఎముకలు ఉబ్బెత్తుగా ఉండేచోట, స్కేలు అడ్డంగా పట్టుకోండి. చెంపల మీదుగా వంచవద్దు, తిన్నగానే ఉంచండి. పొడవు, వెడల్పు దాదాపు సమానంగా వచ్చాయా? అది గుండ్రటి ముఖం. పొడవు, వెడల్పుకి ఒకటిన్నర రెట్లకు దగ్గరగా వచ్చిందా? కోల ముఖం. అంతకు మించిపోయిందా? పొడుగు ముఖం.

ఇప్పుడు ఇంకో రెండు చోట్ల చూడండి. ఇక్కడ స్కేలు కూడా అక్కర్లేదు, కన్ను చాలు. కణత నుంచి కణత దాకా నుదురు ఎంత వెడల్పు? చెవుల కింద దవడ ఎంత వెడల్పు? రెండింటిలో ఏది పెద్దది? దీంతో వెడల్పుల సంగతి అయిపోయింది.

ఇంకొక్కటి మిగిలింది. మీ వేళ్ళతోనే చూడవచ్చు. జుట్టు మొదలు నుంచి కనుబొమ దాకా ఒక భాగం. కనుబొమ నుంచి ముక్కు అడుగు దాకా రెండో భాగం. ముక్కు అడుగు నుంచి గడ్డం కొస దాకా మూడో భాగం. ఒక్కో భాగం మీద వేళ్ళు అడ్డంగా ఆనించి చూడండి. మూడింట్లో ఏది ఎక్కువ, ఏది తక్కువ?

ఇలా మూడు భాగాలుగా చూడడం మన శిల్పుల దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహిత రాశాడు. అందులో విగ్రహాల కొలతలు చెప్పాడు. నుదురు నాలుగు అంగుళాలు, ముక్కు నాలుగు అంగుళాలు, గడ్డం నాలుగు అంగుళాలు అన్నాడు. మొత్తం ముఖం పన్నెండు. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు. ఏ విగ్రహానికి ఆ విగ్రహపు సొంత అంగుళం. అక్కడే ఇంకో సంగతి కూడా చెప్పాడు. నగ్నజిత్తు అనే ఆచార్యుడు ముఖం పొడవు పద్నాలుగు అంగుళాలు చెప్పాడట. అది ద్రావిడ కొలత అట. చూశారా? దేవతా విగ్రహానికే ఒక చోట పన్నెండు, ఇంకో చోట పద్నాలుగు. అలాంటప్పుడు మనుషుల ముఖాలన్నీ ఒకే కొలతలో ఎందుకు ఉండాలి?

ఈ మాట నేను కావాలనే చెబుతున్నాను. తల దువ్వించుకోడానికి కూర్చునే ఆడపిల్లలు ముందుగా అనే మాట నాకు బాధ కలిగిస్తుంది. "అక్కా, నా మొహం బాగుండదు. ఎట్టా వేసినా అంతే." అమ్మాయీ, ముఖంలో లోపం లేదు. ముఖానికి కొలత ఉంది. ఆ కొలత మనం తెలుసుకునేది నీకు వంక పెట్టడానికి కాదు. దువ్వెన ఎక్కడ పెట్టాలో తెలియడానికి.

ఆడపిల్లలకు ఈ దిగులు రావడానికి ఫోను కూడా ఒక కారణం. ఫోను చేత్తో పట్టుకుని సెల్ఫీ తీసుకుంటాం. కెమెరా ముఖానికి అడుగు దూరంలో ఉంటుంది. అంత దగ్గర నుంచి తీస్తే ముందుకు ఉన్న ముక్కు పెద్దదవుతుంది, వెనక ఉన్న చెవులు, జుట్టు చిన్నవవుతాయి. 2018లో అమెరికా వైద్యులు దీన్ని లెక్కగట్టారు. అయిదడుగుల దూరం నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, అడుగు దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. అందుకని సెల్ఫీ చూసి మీ ముఖం మీద తీర్పు చెప్పకండి. ఇంట్లో ఎవరినైనా పిలవండి. అయిదడుగులు దూరం జరగమనండి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయమనండి. ఎదుటివాళ్ళు మిమ్మల్ని చూసేది ఆ దూరం నుంచే.

ఇప్పుడు ఒక్కో ముఖం దగ్గరికి వద్దాం.

గుండ్రటి ముఖం తీసుకుందాం. చెంపలు నిండుగా ఉంటాయి. గురజాలలో డిగ్రీ చదివే ఒక అమ్మాయి అనుకోండి. నూనె రాసి, నడి పాపిడి తీసి, జుట్టును తలకు అతికినట్టు దువ్వుతుంది. రెండు చెవుల పక్కనా మల్లెపూలు వేలాడేలా పెడుతుంది. ఏమైంది? నడినెత్తి చదునైంది. చెంపల పక్కన పూలు చేరాయి. ముఖం ఎక్కడ నిండుగా ఉందో అక్కడే ఇంకా నింపింది. ఎక్కడ ఎత్తు కావాలో అక్కడ అణిచేసింది. అదే అమ్మాయి పాపిడిని పక్కకు జరిపితే? కుడి కనుబొమ మధ్యలోంచో, ఎడమ కనుబొమ మధ్యలోంచో పైకి ఒక గీత ఊహించుకుని, అక్కడ పాపిడి తీసి, నడినెత్తిన జుట్టును కాస్త వదులుగా, ఒక వేలు ఎత్తున లేపి పిన్ను పెడితే? చెంపల దగ్గర జుట్టును చెవుల వెనక్కి తీసుకుంటే? ముఖం పొడవు తేలుతుంది. పూలు పెట్టుకోవచ్చు. పక్కకి కాకుండా వెనక జడ పొడవునా దిగేలా పెట్టుకోవాలి.

పూల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పూలు కూడా జుట్టు కిందే లెక్క. మల్లెలు కానీ, కనకాంబరాలు కానీ, ముందు నుంచి చూస్తే కనిపించేలా చెవి పక్కన ఉంటే వెడల్పు చూపిస్తాయి. వెనక నిలువుగా దిగితే పొడవు చూపిస్తాయి. గుండ్రటి ముఖానికి నిలువు. పొడుగు ముఖానికి పక్క.

పొడుగు ముఖం వాళ్ళకు ఇప్పుడు చెప్పిందంతా తిరగేసుకోవాలి. నెత్తిన ఎత్తు వద్దు. పఫ్ వద్దు. చెవుల మీద జుట్టు వదులుగా ఉండాలి. చెవి సగం కప్పినా బాగుంటుంది. నడి పాపిడి వీళ్ళకు చక్కగా నప్పుతుంది. కొప్పు మెడ మీదికి, వెడల్పుగా దింపుకోవాలి. నడినెత్తిన ముడి వేస్తే ముఖం ఇంకా సాగినట్టుంటుంది. నుదురు ఎక్కువైతే రెండు మూడు ముంగురులు వదిలేయవచ్చు.

మాచర్లలో, పిడుగురాళ్ళలో కుర్రాళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఒక హీరో ఫోటో ఫోనులో చూపించి అలాగే కావాలంటారు. రెండు పక్కలా జీరో మెషిన్ పెట్టించి, పైన నిలబెట్టిస్తారు. గుండ్రటి ముఖానికి అది బాగానే ఉంటుంది. పక్కలు తగ్గాయి, పైన ఎత్తు వచ్చింది. పొడుగు ముఖం కుర్రాడు అదే చేయిస్తే ముఖానికి పక్కల దన్ను పోతుంది, పైన ఇంకో రెండంగుళాలు కలుస్తాయి. అతను పక్కల జుట్టు ఉంచుకోవాలి. పైన తగ్గించుకోవాలి, పక్కకి దువ్వుకోవాలి. గడ్డం పెంచేవాళ్ళకీ ఇదే లెక్క. గడ్డం కింద జుట్టు ముఖానికి పొడవు ఇస్తుంది. చెంపల మీద జుట్టు వెడల్పు ఇస్తుంది. గుండ్రటి ముఖం అయితే చెంపల మీద తగ్గించి, కింద కాస్త ఉంచాలి. పొడుగు ముఖం అయితే కింద తగ్గించాలి. ఆ హీరోకి ఆ కటింగ్ నప్పిందంటే ఆయన ముఖం కొలతకు నప్పింది. మీ సెలూన్‌లో కూర్చున్నప్పుడు ఫోటో చూపించండి, తప్పు లేదు. చూపించి, "నా ముఖానికి పక్కలు ఎంత ఉంచమంటారు?" అని అడగండి. చేయి తిరిగిన పనివాడు వెంటనే చెబుతాడు. మనం అడగం కాబట్టి ఆయన చెప్పడు.

దవడలు వెడల్పుగా ఉన్న ముఖాలు కొన్ని ఉంటాయి. పలనాటి పల్లెల్లో ఎండనపడి పనిచేసే ఆడవాళ్ళలో, మగవాళ్ళలో ఇలాంటి ముఖాలు చాలా చూస్తాను. నాకు చాలా ఇష్టమైన ముఖాలు. గట్టి మనిషి అని చూడగానే తెలుస్తుంది. వీళ్ళు చూసుకోవలసింది ఒక్కటే. జుట్టు కొస దవడ దగ్గర ఆగకూడదు. జుట్టు ఎక్కడ ఆగితే అక్కడ ఒక గీత పడుతుంది. కన్ను అక్కడే నిలుస్తుంది. అందుకే కత్తిరించుకుంటే దవడకు పైనన్నా ఉండాలి, భుజాల దాకా దిగన్నా ఉండాలి. జడ వేసుకునేవాళ్ళు జడను ఒక భుజం మీదుగా ముందుకు వేసుకుంటే దవడ గీత మెత్తబడుతుంది. చిన్నపిల్లలకు వేసవిలో కత్తిరించే బాబ్ కటింగ్ సంగతీ అంతే. చెంపలు బూరెల్లా ఉన్న పాపకి చెంప మధ్యలో జుట్టు ఆపేస్తే చెంపలే కనిపిస్తాయి. ఇంకో రెండు వేళ్ళు కిందికి వదలమని చెప్పండి.

ఇక నుదురు వెడల్పు, గడ్డం సన్నం అయినవాళ్ళు. వీళ్ళకు పక్క పాపిడి మంచిది. నుదుటి మీద ఒక మూల కాస్త జుట్టు వాలాలి. చెవుల కింద జుట్టు నిండుగా ఉండాలి. 1970ల్లో కుర్రాళ్ళుగా ఉన్నవాళ్ళకు శోభన్ బాబు రింగు గుర్తుండే ఉంటుంది. నుదుటి మీద ఒకే ఒక వంపు తిరిగిన ముంగురు. ఆ రోజుల్లో ఎంతమంది అద్దం ముందు నీళ్ళు అద్ది ఆ రింగు తిప్పుకున్నారో! చిన్న ముంగురే. కానీ నుదురు మొత్తం ఒక్క పలకలా కనిపించకుండా దాన్ని రెండుగా చేస్తుంది. నుదురు చిన్నగా ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు. వాళ్ళు జుట్టు నుదుటి మీద పడకుండా వెనక్కి దువ్వుకోవాలి.

కోల ముఖం వాళ్ళకు నేను ఎక్కువ చెప్పను. వాళ్ళకు దాదాపు అన్నీ నప్పుతాయి.

మళ్ళీ మన మాట. నిండుగా ఉన్నచోట అణచాలి. తక్కువైనచోట నింపాలి.

ఇంతదాకా ముందు నుంచి చూశాం. మనిషిని ఎప్పుడూ ముందు నుంచే చూస్తారా? బస్సులో పక్క నుంచి చూస్తారు. గుళ్ళో వెనక నుంచి చూస్తారు. తల ఆకారం తెలిసేది పక్క నుంచే. మీ అరచేతిని మెడ దగ్గర నుంచి పైకి జరుపుతూ రండి. తల వెనక గుండ్రంగా ఉందా, చదునుగా ఉందా? మనలో చాలామందికి కొద్దిగా చదునుగానే ఉంటుంది. పసితనంలో వెల్లకిలా పడుకోవడం వల్ల కొందరికి అలా వస్తుంది. పసిబిడ్డల తల్లులకు ఇక్కడ ఒక మాట. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడమే క్షేమం అని వైద్యులు చెబుతారు. అది మానవద్దు. బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మీరు దగ్గరుండి, కాసేపు బోర్లా ఉంచండి. నీళ్ళు పోసేటప్పుడు తల గుండ్రంగా రావాలని చేత్తో నొక్కవద్దు.

తల వెనక చదునుగా ఉన్న పెద్దవాళ్ళు జుట్టును బిగించి కిందికి లాగి జడ వేస్తే ఆ చదును అలాగే కనిపిస్తుంది. జడ మొదలుపెట్టే ముందు, నడినెత్తి వెనక భాగంలో జుట్టును లోపలి నుంచి దువ్వెనతో వెనక్కి రెండు మూడు సార్లు దువ్వి కాస్త లేపండి. పైన నున్నగా సర్ది, రెండు స్లైడ్లు పెట్టండి. తర్వాత జడ. చదును పోయి గుండ్రం వస్తుంది.

కొప్పు ఎంత ఎత్తున పెట్టాలి? దీనికి తేలికైన గుర్తు ఉంది. చూపుడు వేలు గడ్డం కొస మీద పెట్టండి. అక్కడి నుంచి చెవి పైకొస మీదుగా ఏటవాలుగా వెనక్కి జరపండి. వేలు నడినెత్తి వెనక ఎక్కడికి చేరిందో అక్కడ కొప్పు గానీ, పోనీటెయిల్ గానీ పెడితే చాలామందికి బాగుంటుంది. ఇంకోసారి చెబుతాను. గడ్డం కొస, చెవి పైకొస, నడినెత్తి వెనక. ముఖం పైకి ఎత్తినట్టు కనిపిస్తుంది. మెడ పొట్టిగా ఉన్నవాళ్ళకు ఇది మరీ మేలు. మెడ బయటపడుతుంది. మెడ పొడుగ్గా ఉన్నవాళ్ళు కొప్పును మెడ మీదికే దింపుకోవచ్చు. ముక్కు కాస్త పొడుగ్గా ఉన్నవాళ్ళు ఒకటి గమనించాలి. సరిగ్గా ముక్కుకు ఎదురుగా, అదే ఎత్తులో వెనక కొప్పు ఉంటే, పక్క నుంచి చూసేవాళ్ళకు రెండూ ఒక గీతలోకి వస్తాయి. ముక్కే కనిపిస్తుంది. కొప్పును అక్కడి నుంచి పైకి గానీ, కిందికి గానీ జరిపితే చాలు.

మన పూర్వులు ఇవన్నీ చూసేవాళ్ళా అని మీకు అనిపిస్తే, ఒకసారి నాగార్జునకొండ వెళ్ళి రండి. మాచర్ల నుంచి ఎంత దూరం? విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే మ్యూజియం ఉన్న కొండ దగ్గర దిగుతారు. ఇక్ష్వాకుల కాలం శిల్పాలవి. మూడో శతాబ్దం, నాలుగో శతాబ్దం. మన పలనాటి సున్నపురాయి మీద చెక్కినవి. మనం అక్కడ బుద్ధుడి కథ చూస్తాం, బయటికి వస్తాం. ఈసారి తలలు చూడండి. మగవాళ్ళ తలపాగాల ముడి నుదుటి పైన ఎత్తుగా నిలిచి ఉంటుంది. కొప్పులు చూడండి, పాపిట నగలు చూడండి. గుంపులో పది తలలుంటే పక్కపక్క తలలకు ఒకే కట్టు ఉందా అని వెతకండి. రాతిలో వెంట్రుకను చెక్కడానికి ఎంత ఓపిక కావాలి! ముఖానికి తల కట్టు ఎంత ముఖ్యమో ఆ శిల్పికి తెలుసు.

ఇప్పుడు పెళ్ళిళ్ళ సంగతికి వస్తాను. దీనికి కాస్త ఎక్కువ సమయం ఇస్తాను. పెళ్ళికూతురి తల మీద మనం పెట్టినంత బరువు ఇంకెక్కడా పెట్టం. పూలజడ, జడకుప్పెలు, పాపిట బిళ్ళ, పాపిడికి అటూ ఇటూ సూర్యుడూ చంద్రుడూ. ఆ పైన నుదుటి మీద బాసికం. ఇన్ని ఉన్నప్పుడు కొలత చూసుకోకపోతే ముఖం వాటి మధ్య చిక్కుకుపోతుంది.

బాసికంతో మొదలుపెట్టండి. బాసికం కట్టగానే నుదురు సగం మూసుకుపోతుంది. అంటే మూడు భాగాల్లో పై భాగం పొట్టిదైపోయింది. గుండ్రటి ముఖం అమ్మాయికి ఇది ఇంకా పొట్టి చేస్తుంది. కాబట్టి నెత్తిన ఎత్తు కావాలి. పొడుగు ముఖం అమ్మాయికి బాసికమే ఆ పని చేసిపెట్టింది. ఆమెకు పఫ్ అక్కర్లేదు. పెళ్ళికి నాలుగు రోజుల ముందు తల దువ్వి చూసుకునేటప్పుడు, బాసికం లేకపోతే బాసికమంత అట్టముక్క కత్తిరించి నుదుటికి పెట్టుకుని చూసుకోండి. చాలామంది ఇది మరచిపోతారు. బ్యూటీషియన్ వేసినప్పుడు బాగున్న తల, పీటల మీద కూర్చున్నాక వేరేగా కనిపించడానికి కారణం ఇదే.

రెండోది జీలకర్ర బెల్లం. ముహూర్తం వేళ వరుడు ఆ ముద్దను పెట్టేది నడినెత్తినే. అక్కడ ఎత్తుగా పఫ్ లేపి, స్ప్రే కొట్టి, పిన్నుల మీద పిన్నులు గుచ్చితే ఆ చెయ్యి ఎక్కడ ఆనాలి? నడినెత్తిన అరచేయి పట్టేంత చోటు మెత్తగా వదలమని ముందే చెప్పండి. ఎత్తు కావాలంటే దానికి వెనక పెట్టమనండి.

మూడోది పూలజడ బరువు. జుట్టు పలచగా ఉన్న అమ్మాయికి సవరం కట్టి, దాని మీద పూలజడ కట్టి, రాత్రి ముహూర్తం అయితే తెల్లవార్లూ మోయిస్తారు. మెడ వంగిపోతుంది. మెడ వంగితే ఏ ముఖమూ బాగుండదు. మనిషి పొట్టిగా ఉంటే జడ నడుము దగ్గర ఆపండి. మోకాళ్ళ దాకా దిగే జడ ఆమెను ఇంకా పొట్టి చేస్తుంది. పొడుగు మనిషికి పొడుగు జడ అందం. అంతదాకా మోయగలదా అన్నది ముందు అమ్మాయిని అడగండి.

అమ్మలకు ఇంకో విన్నపం. బడికి పంపేటప్పుడు రెండు జడలు వేసి, మడిచి, రిబ్బన్లు కడతారు. గట్టిగా ఉండాలని నుదుటి మీది చర్మం పైకి లేచేలా బిగిస్తారు. రోజూ అలా లాగితే కణతల దగ్గర, నుదుటి అంచున వెంట్రుకలు పలచబడతాయి. ఏళ్ళ తరబడి లాగితే కుదుళ్ళు దెబ్బతిని అక్కడ మళ్ళీ రాకపోవచ్చు. నుదురు వెడల్పైపోయిందని పెద్దయ్యాక ఆ పిల్ల బాధపడుతుంది. అది పుట్టుకతో వచ్చిన కొలత కాదు. మనం తెచ్చిపెట్టింది. పాప "అమ్మా, నొప్పి" అంటే బిగువు ఎక్కువైందని గుర్తు. వదులు చేయండి. సెలవు రోజుల్లో ఒక్క జడ వేయండి. వారానికి ఒకసారి పాపిడి అర అంగుళం పక్కకి మార్చండి. ఎప్పుడూ ఒకేచోట పాపిడి ఉంటే ఆ గీత వెడల్పవుతుంది.

పాపిడి మార్చేటప్పుడు సుడి చూసుకోండి. నడినెత్తి వెనక వెంట్రుకలు గుండ్రంగా తిరిగేచోటు అది. రెండు సుడులుంటే ఇద్దరు పెళ్ళాలని పెద్దవాళ్ళు అంటుంటారు. ఆ సంగతి పక్కన పెట్టండి. సుడి ఎటు తిరిగిందో అటు దువ్వితే జుట్టు మాట వింటుంది. ఎదురు దువ్వితే లేచి నిలబడుతుంది. మగపిల్లల కటింగ్‌లో సుడి దగ్గర మరీ పొట్టిగా కత్తిరిస్తే ముళ్ళలా లేస్తుంది. అక్కడ కాస్త పొడుగు ఉంచమని చెప్పాలి.

పొలం పని చేసే ఆడవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మిరపకాయ కోతకి పోయేదానికి మాకెందుకమ్మా ఇయ్యన్నీ?" ఎందుకు వద్దు? రెంటచింతల ఎండ రాష్ట్రమంతా వార్తల్లో వినేదే. ఆ ఎండలో మెడ మీద ముడి వేస్తే చెమట అక్కడే నిలుస్తుంది. ఇందాక చెప్పిన గుర్తు దగ్గర, చెవి పైకొసకు వెనక, కొంచెం ఎత్తున వదులు ముడి వేసుకోండి. మెడకు గాలి తగులుతుంది. తలకు తువ్వాలు చుట్టినా జారదు. ముఖమూ తేలికగా కనిపిస్తుంది. పనికి వీలైనదీ, ముఖానికి నప్పేదీ ఇక్కడ ఒకటే అయ్యాయి.

అరవై దాటిన అమ్మలు, పిన్నులు కూడా వింటున్నారని నాకు తెలుసు. ఈ వయసులో నప్పడం ఏమిటి అనుకోవద్దు. వయసుతో చెంపలు లోపలికి పోతాయి, జుట్టు పలచబడుతుంది. అప్పుడు జుట్టును నూనెతో అతికించి వెనక్కి లాగి చిన్న ముడి వేస్తే, లోతైన చెంపలు ఇంకా లోతుగా కనిపిస్తాయి. నూనె రాత్రి రాసుకోండి, పొద్దున తలస్నానం చేసి ఆరనివ్వండి. కణతల మీద జుట్టు కాస్త వదులుగా ఉంచి ముడి వేసుకోండి. నడి పాపిడి పలచబడి మాడు కనిపిస్తుంటే, వేలెడు పక్కకి జరపండి. కొత్త చోట వెంట్రుకలు ఒత్తుగా ఉంటాయి. ఇంట్లో మనవరాలుంటే ఆ పిల్లని దువ్వమనండి.

చివరగా, గుండు చేయించుకున్నవాళ్ళ గురించి. శివరాత్రికి కోటప్పకొండ మీద ఎంతోమంది తలనీలాలు ఇస్తారు. పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయిస్తారు. పెద్దవాళ్ళు తిరుమల వెళ్ళి వస్తారు. అప్పుడు తల అసలు ఆకారం కనిపిస్తుంది. ఎక్కడ చదును, ఎక్కడ ఎత్తు, సుడి ఎటు తిరిగింది, అన్నీ తెలుస్తాయి. అద్దంలో ముందు నుంచి, పక్క నుంచి ఒకసారి చూసి పెట్టుకోండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. మూడో నెలకు మూడు సెంటీమీటర్లు. ఆ వేళకి మగవాళ్ళు మొదటిసారి సెలూన్‌కి వెళ్ళి, ముఖం గుండ్రమైతే పక్కలు మాత్రం తగ్గించుకోవాలి. పొడుగు ముఖమైతే పక్కలు ముట్టుకోనివ్వవద్దు, మెడ మీద ఒక్కటే శుభ్రం చేయించుకోవాలి. ఆడవాళ్ళు ఆరో నెల దాకా కత్తెర పెట్టించవద్దు. ఆరు సెంటీమీటర్లు వచ్చాక పక్క పాపిడి నిలుస్తుంది. అప్పటిదాకా చెవుల దగ్గర రెండు చిన్న స్లైడ్లు పెట్టుకుంటే కళ్ళలో పడకుండా ఉంటుంది. పది, పన్నెండు నెలలకు పిలక జడ పడుతుంది. పూర్వం పెట్టుకున్న పాపిడి దగ్గరికే మళ్ళీ వెళ్ళిపోకుండా, కొలత చూసి కొత్త పాపిడి అలవాటు చేయడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. మొదటి నెల నుంచే తడి తల మీద దువ్వెనను అటువైపే నడిపించండి.